చప్పట్ల చదివింపులు

పాటల గ్రూపుల్లో కొత్తగా చేరినవారికి, చేరబోయేవారికి అనుభవం మీద చెబుతున్న మాటలివి. నాలుగేళ్లుగా మా వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్‌ని. సభ్యులు 214 మంది. బ్యాంకు ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, పిల్లల్ని బడికి పంపి గొంతు సవరించుకునే తల్లులు, డాలస్‌లో ఉన్న మా బావమరిది, అందరూ ఉన్నారు. ఇప్పటిదాకా నేను పెట్టిన పాటలు 312. వచ్చిన విమర్శలు 1. ఆ ఒక్కదాని సంగతి చివర చెబుతాను. ఈ పది చిట్కాలూ పాటిస్తే మీకు ఆ ఒక్కటి కూడా రాదు. నాదీ పూచీ.

1. గది: బాత్రూమును మించిన స్టూడియో లేదు

టైల్స్ అతికించిన గోడలు గొంతును మింగవు, తిప్పికొడతాయి. పాడిన ప్రతి స్వరం మీదా దాని ముందు స్వరం నీడ పడుతుంది. ఆ నీడలో చిన్నచిన్న అపస్వరాలు హాయిగా తలదాచుకుంటాయి. కొందరు మేధావులు బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి చీరల వైపు మొహం పెట్టి పాడమంటారు, వీపు వెనక ఒక బొంత కూడా వేలాడదీయమంటారు. గుడ్డలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి కాబట్టి గొంతు ఉన్నదున్నట్టు రికార్డవుతుందట. ఒకసారి చేసి చూశాను. ఉన్నదున్నట్టే వచ్చింది. అందుకే వద్దంటున్నాను.

మా బావమరిది అవస్థ చూడండి. డాలస్‌లో ఆ ఇంటి నిండా కార్పెట్టు, గోడలేమో జిప్సం పలకలు. ఎంత పాడినా గది మోగదు. పాపం, పూర్తిగా గొంతు మీదే ఆధారపడాల్సి వస్తోంది.

2018లో తూర్పు గోదావరి జిల్లా వడిసలేరు నుంచి బేబీ గారు ‘ప్రేమికుడు’ సినిమా పాట పాడితే ఎవరో సెల్లులో తీశారు. ట్రాకు లేదు, రివర్బు లేదు, ఉత్త గొంతు. ఆ వీడియో ఊరూరా తిరిగింది, చిరంజీవి గారు ఆవిణ్ణి ఇంటికి పిలిచారు. దీన్ని చూపించి ఉత్త గొంతు చాలంటారు కొందరు. ఆవిడకి దాచుకోవలసినది ఏమీ లేదండీ. మన సంగతి వేరు.

2. వేళ: పొద్దున్న ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య

తెల్లవారుజామున అయిదింటికి రికార్డు చేస్తే నిశ్శబ్దంగా ఉంటుందంటారు. అదే ప్రమాదం. పాట చెడితే నెపం ఎవరి మీద వేస్తారు? ఎనిమిది దాటితే కుక్కరు కూతలుంటాయి, పాత ఇనుప సామాన్లు కొంటామంటూ బండి మైకు ఉంటుంది, పక్కింటి మిక్సీ ఉంటుంది. ఫ్యాను అయిదులో పెట్టి సరిగ్గా దాని కింద కూర్చోండి. చరణంలో మీరు తప్పిన చోట కుక్కరు కూసిందనుకోండి, వినేవాళ్లు కుక్కర్నే తిట్టుకుంటారు.

3. ఫోను: పెదవులకు ఆనించి పట్టుకోండి

జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టుకోమని తెలిసినవాళ్లు చెబుతారు. అలా పెడితే ప, ఫ, భ లు పలికినప్పుడు వచ్చే గాలి మైకును తాకకుండా పక్కనుంచి పోతుంది. మనకు ఆ గాలి కావాలి. ‘ప్రియా’ అంటే టైరు పేలినట్టు ఉండాలి, అప్పుడే ప్రేమలో తీవ్రత తెలుస్తుంది. ఇక ఎత్తుగా పాడేటప్పుడు రికార్డరులో శబ్దం ఎర్రగీత దాటిందా అని చూడకండి. ఆ గీత దాటిన శబ్దానికి తల తెగిపోతుంది. తర్వాత వాల్యూమ్ ఎంత తగ్గించినా ఆ తల మళ్లీ మొలవదు. మొలవకపోతేనేం, మొండెం పాడుతూనే ఉంటుంది.

4. లయ: బ్లూటూత్ ఉండగా తాళమెందుకు

చెవిలో తీగ లేని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కరోకే ట్రాకు మీద పాడండి. ట్రాకు ఫోనులోంచి మీ చెవికి చేరడానికి సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యమవుతుంది. మీరు విన్నదానికి సరిగ్గానే పాడతారు. రికార్డింగులో మాత్రం తబలా ముందు నడుస్తుంటే మీరు పెళ్లికి ఆలస్యమైన చుట్టంలా వెనక పరిగెడుతుంటారు. తీగ ఉన్న చవకరకం ఇయర్‌ఫోన్స్ కొనుక్కుంటే ఈ బాధ పోతుంది. అయితే దాంతోపాటు ‘భావం కోసం కాస్త లాగానండీ’ అనే గొప్ప సమాధానం కూడా పోతుంది.

జూమ్‌లో కలిసి పాడుకునే ఆదివారాల్లో తంబూర పెట్టుకోవడం మానకండి. ఆగకుండా మోగే శబ్దాన్ని జూమ్ ఫ్యాను చప్పుడనుకుని తుడిచేస్తుంది. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ అని ఒక మీట ఉంది, దాని జోలికి పోవద్దు. తంబూర ఎవరికీ వినబడకపోతే మీరు ఏ శృతిలో పాడినా శృతిలో పాడినట్టే.

5. శృతి: ట్రాకు ఎంతలో ఉంటే అంతలోనే

మామూలుగా మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర శృతి, ఆడవాళ్లకు అయిదు, అయిదున్నర శృతి నప్పుతాయి. కరోకే యాపుల్లో మీట నొక్కితే ట్రాకు అర శృతి చొప్పున కిందికి దిగుతుంది. నొక్కకండి. శృతి దించుకోవడమంటే పరువు దించుకోవడమే. బాలు గారు పాడినంత ఎత్తులోనే మనమూ పాడాలి. పల్లవి ఎలాగోలా గడిచిపోతుంది. చరణంలో పైషడ్జం వస్తున్నట్టు మెడనరాలకు ముందే తెలుస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో దగ్గండి. దగ్గినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు, మంచినీళ్లు తాగమంటారు.

6. సాధన: అవసరం లేదని నిరూపించేవారున్నారు

గ్రూపులో ఎవరైనా ‘సంగీతం నేర్చుకోండి’ అంటే, ‘బాలు గారు నేర్చుకున్నారా?’ అని అడగండి. శాస్త్రీయ సంగీతం నేర్చుకోకుండానే ఆయన 1980లో వచ్చిన ‘శంకరాభరణం’కి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అక్కడితో ఆపాలి. ఆ పాటల కోసం సంగీత దర్శకుడు మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని ఆయన కష్టపడి సాధన చేశారన్న రెండో సగం ఎత్తకూడదు. ఘంటసాల గారి ఊసు అసలే వద్దు. ఆయన విజయనగరం వెళ్లి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకుంటూ, జోలె పట్టి మధుకరం ఎత్తుకుని ఆకలి తీర్చుకున్నారు. ఆ రోజుల్లో స్విగ్గీ లేదు.

సాధన బదులు ఆటోట్యూన్ వాడండి. భూమిలోకి తరంగాలు పంపి చమురు ఎక్కడుందో కనిపెట్టే లెక్కలు చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో దాన్ని తెచ్చాడు. చమురునే పట్టినవాడికి మన స్వరం దొరకదా? ఒక్కటే చిక్కు. మన గమకం ఒక స్వరం మీంచి పక్క స్వరం మీదికి ఊగుతుంది. యంత్రానికి ఆ ఊగడం తప్పులా తోచి, మేకు కొట్టి నిలబెడుతుంది. ఉయ్యాల కాస్తా బెంచీ అవుతుంది. కూర్చోవడానికి రెండూ పనికొస్తాయి కదా.

7. యుగళగీతం: జోడీని చూసి ఎంచుకోండి

స్మ్యూల్ యాపులో మీ సగం పాడి వదిలేస్తే, ఏ కువైట్‌లోనో ఉన్నవారు మిగతా సగం పాడి కలుపుతారు. మీకంటే బాగా పాడేవాళ్లతో జోడీ కడితే నేర్చుకోవచ్చని అంటారు. మీకంటే అధ్వానంగా పాడేవాళ్లతో కడితే నేర్పవచ్చు. నేర్చుకోవడం కంటే నేర్పడంలోనే గౌరవం ఎక్కువ.

8. ముందుమాట: జలుబు లేకుండా పాట పెట్టకండి

పాట కింద తప్పనిసరిగా ఈ వాక్యం ఉండాలి: ‘గొంతు బాలేదు, అయినా ప్రయత్నించాను, తప్పులుంటే మన్నించండి.’ నాలుగేళ్లలో మా గ్రూపులో ఆరోగ్యంగా ఉన్న గొంతుతో ఒక్కరూ పాడలేదు. 31 సార్లు పాడి, 31వది ఎంచుకుని పెట్టినా సరే, ‘ఇప్పుడే సరదాగా ఒక్క టేక్‌లో’ అని రాయాలి. పాడిన కష్టం కనబడితే బాగోదు.

9. చప్పట్లు: చదివింపుల పుస్తకం పెట్టుకోండి

అసలు చిట్కా ఇది. పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం చూశారుగా? ఫలానావారు 116, ఫలానావారు 516. రేపు వాళ్లింట్లో పెళ్లయితే పుస్తకం తిరగేసి అంతే చదివిస్తాం. చప్పట్లూ అంతే. నా దగ్గర ఎనభై పేజీల నోటుబుక్కు ఒకటుంది. ఎడమవైపు వచ్చినవి, కుడివైపు ఇచ్చినవి. మూడు చప్పట్లకి మూడు. ‘అద్భుతః’కి ‘అమోఘం’. ‘బాలు గారే దిగొచ్చారు’ అన్నవారికి ‘సాక్షాత్తూ ఘంటసాల’. ఆడవాళ్లయితే తరతమ భేదం లేకుండా ‘సుశీలమ్మే’. పాట రాసిందెవరో తెలియకపోతే ‘ఆత్రేయ గారి కలానికి జోహార్లు’ అనండి. కాదని చెప్పేంత ఓపిక ఎవరికీ ఉండదు.

ముఖ్యంగా, పాట వినకండి. నాలుగు నిమిషాల పాట 10:02కి పడితే చప్పట్లు కూడా 10:02కే పడాలి. ఆలస్యమైతే, వింటున్నారేమో, విని ఆలోచిస్తున్నారేమో అని పాడినవాళ్లు కంగారుపడతారు. ‘పాడుతా తీయగా’లో బాలు గారు పిల్లల పాట కడదాకా విని, ఏ అక్షరం ఒత్తు పోయిందో, ఎక్కడ శృతి జారిందో బుజ్జగించి చెప్పేవారు. పెద్దాయనకి తీరిక ఉండేది, చెప్పారు. మనకు గంటలో ఇరవై పాటలు వచ్చిపడతాయి. రేడియోవారి పద్ధతి మరీ ఘోరం. పాడుతున్నదెవరో పరీక్షకులకు తెలియకుండా ఆడిషన్ పెట్టి, బి, బి హై, ఎ అని గ్రేడులిస్తారు. పాడింది మన పిన్నిగారి అల్లుడని తెలియకుండా ఎలా మెచ్చుకోవడం?

ఒంటె పెళ్లిలో గాడిద పాడిందని, అవి ఒకదాన్నొకటి పొగుడుకున్నాయని పెద్దలు వెటకారంగా చెబుతారు. నా లెక్కన లోకంలో మొట్టమొదటి పాటల గ్రూపు అదే. కలహం వచ్చిందని ఎక్కడా లేదు.

10. విమర్శకులు: వెంటనే తొలగించండి

ఇప్పుడా ఒక్కటి. మా గ్రూపులో ఒక రిటైర్డ్ లెక్కల టీచరమ్మ ఉండేవారు. ఎవరికీ చప్పట్లు కొట్టేవారు కాదు. నా 309వ పాట కింద ఇలా రాశారు: ‘అడ్మిన్ గారూ, రెండో చరణంలో 2 నిమిషాల 41 సెకన్ల దగ్గర పైషడ్జం అందలేదు, దగ్గు కూడా కాస్త ముందే వచ్చింది. అర శృతి దించుకుంటే అందుతుంది. పల్లవి చివరిసారి అన్నప్పుడు గొంతు తేలికపడింది, అది చాలా బాగుంది. మూడుసార్లు విన్నాను.’

గ్రూపు సామరస్యం దృష్ట్యా ఆవిణ్ణి తొలగించాను. ఆ నిర్ణయానికి నాకు 43 చప్పట్లు పడ్డాయి.

ఆ రాత్రి లెక్కలు రాసుకుంటుంటే ఆవిడ పేరు దగ్గర పెన్ను ఆగింది. ఎడమవైపు ఏం రాయాలి? పాట నాలుగు నిమిషాలు, మూడుసార్లంటే పన్నెండు నిమిషాలు. నా పుస్తకంలో ఆ నాణెం లేదు. పోనీ కుడివైపు నేనిచ్చినవి చూద్దామని వెతికితే, ఆవిడ గ్రూపులో పెట్టిన పాటలు ఆరు కనబడ్డాయి. ఆరింటి కిందా నా చప్పట్లున్నాయి. ఒక్కటీ విన్న గుర్తు లేదు. బాకీ ఉంచుకోవడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి కూర్చుని విన్నాను. నాలుగో పాటలో, 1 నిమిషం 20 సెకన్ల దగ్గర, ఆవిడ గొంతు వణికి ఆగిపోయింది. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా పాడారు. దాని కింద నేను రాసింది: ‘అమోఘం. సుశీలమ్మే.’

మీరు మాత్రం విమర్శకులని తొలగించాక మళ్లీ పలకరించకండి. నేను ఆ ఒక్క జాగ్రత్తే తీసుకోలేకపోయాను. నిన్న తెల్లవారుజామున అయిదింటికి లేచి, ఫ్యాను కట్టేసి, బీరువా తలుపులు తెరిచి, తీగ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, అర శృతి దించి అదే పాట మళ్లీ తీశాను. గ్రూపులో పెట్టలేదు. ఆవిడకొక్కరికే పంపాను. జలుబని రాయలేదు.

5:40కి నీలం టిక్కులు పడ్డాయి. ఒక నిమిషం చూశాను, చప్పట్లు రాలేదు. అయిదు నిమిషాలైంది, రాలేదు. తొమ్మిది నిమిషాలైంది. పాట నాలుగు నిమిషాలే.

అంటే, మూడోసారి మొదలైందన్నమాట.