వగరు పాఠం

వైన్ అంటే పులిసిన ద్రాక్షరసం. ఈస్టు పండులోని చక్కెరను తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగే ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. వింతంతా ఆ రసాన్ని గ్లాసులో పోశాకే. హైదరాబాదు మణికొండలో వైను రుచి చూసే విద్య మొదలుపెట్టేవాడు సాధారణంగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మేనేజరు టీమ్ డిన్నర్లో ఒక గుటక వేసి, కళ్ళు మూసుకుని, "కొంచెం ఓకీగా ఉంది" అంటాడు. కొత్తవాడు "నాకూ ఓకే" అంటాడు. ఓక్ చెక్క పీపాల్లో నిలవుంచిన వైనుకు వెనిల్లా వాసన పడుతుందనీ, మేనేజరు చెప్పింది చెక్క సంగతనీ తెలిసేసరికి బిల్లు వచ్చేస్తుంది.

ఆ అవమానంతో సొంతంగా సాధన చేద్దామనుకున్నవాడికి ముందు సీసా దొరకాలి. తెలంగాణలో మద్యం కొట్టును 'వైన్స్' అంటారు. రాష్ట్రంలో ఇలాంటివి 2620. లైసెన్సులకు లాటరీ తీస్తారు. 2023లో దరఖాస్తుకే 2 లక్షలు, అదీ తిరిగిరాదు. బోర్డు మీద బహువచనంలో ఉన్న వైను లోపల ఏకవచనంలో కూడా కష్టం మీద దొరుకుతుంది. విస్కీ, బ్రాందీ, బీరు అడిగే చేతులన్నీ దాటుకుని వైను అడిగితే, కుర్రవాడు స్టూలెక్కి పై అరలోంచి దుమ్ము తుడిచి ఇస్తూ "గిఫ్టుకా అన్నా?" అంటాడు.

ఆ సీసాల్లో ఎక్కువ భాగం నాసిక్ సరుకు. తెలుగువాళ్ళ చెయ్యి పడ్డదీ ఒకటుంది: హంపి కొండల దగ్గరి క్రిస్మా ఎస్టేట్స్. హైదరాబాదు గ్రాన్యూల్స్ ఇండియాకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు తమ పేర్లు కలిపి దానికి పెట్టుకున్నారు. మందుల కంపెనీవాళ్ళు మందు చేశారనే మాట తెలుగులో తప్ప ఇంకే భాషలోనూ ఇంత సాఫీగా రాదు. హైదరాబాదుకు ద్రాక్ష కొత్తేమీ కాదు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రమే ఉంది. అయితే ఈ ఊరికి పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ తినే ద్రాక్ష. వైనుకు చిన్న కాయ, మందపు తొక్క, బాగా చక్కెర ఉండాలి. పండ్లబండి దగ్గర లావుపాటివి ఏరుకునే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు.

ఎర్ర వైనును గది ఉష్ణోగ్రతలో తాగమని పుస్తకాలు చెబుతాయి. ఆ గది ఐరోపాలోని పాతకాలపు రాతిగది. దాని లెక్క 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మణికొండ పై అంతస్తు ఫ్లాటులో గది ఉష్ణోగ్రతకు వచ్చేవి తలంటి నీళ్ళు. ఇక్కడ ఎర్రదాన్ని కూడా కాసేపు ఫ్రిజ్‌లో పెట్టక తప్పదు. తెల్లదానికి ఇంకా చల్లదనం, 8 నుంచి 12 డిగ్రీలు కావాలి.

గ్లాసు తిప్పి వదిలితే గోడల మీద చారలు దిగుతాయి. వాటిని కన్నీళ్ళంటారు. అవి నెమ్మదిగా దిగితే వైను గొప్పదని నమ్మేవాళ్ళున్నారు. ఆల్కహాలు ముందుగా ఆవిరై తలతన్యత మారడం వల్ల రసం గోడెక్కి జారుతుందని భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ థామ్సన్ 1855లోనే వివరించాడు. నాణ్యతకూ ఆ కన్నీళ్ళకూ సంబంధం లేదు. తిప్పడం మాత్రం పనికొచ్చేదే. గాలి తగిలి వాసనలు లేస్తాయి. కొత్తవాడు గ్లాసు అడుగు బల్లకు ఆనించి తిప్పడం చొక్కాకు క్షేమం.

అసలు గండం వాసన. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ నోబుల్ 1984లో వైను వాసనలన్నిటినీ ఒక చక్రంలో అమర్చింది. అందులో బ్లాక్‌కరెంట్ ఉంది. మణికొండవాడికి బ్లాక్‌కరెంట్ అంటే ఐస్‌క్రీమ్. గూస్‌బెర్రీ అని చదివి ఉసిరికాయ కోసం వెతుకుతాడు. ఆ గూస్‌బెర్రీకీ మన ఉసిరికీ చుట్టరికమే లేదు. సోవిన్యాన్ బ్లాన్ అనే తెల్ల వైనులో పిల్లి మూత్రమూ, ముదిరిన రీస్లింగ్‌లో పెట్రోలూ పసిగట్టి నిపుణులు మురిసిపోతారు. సెల్లార్ అంటే కార్లు పెట్టే చోటైన అపార్ట్‌మెంట్లలో ఈ రెండు వాసనలూ రోజూ ఉచితం.

తెలిసిన పేర్లు పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది: నేరేడు, రేగుపండు, ఖర్జూరం, తొలకరి మట్టి, తడిసిన గోనెసంచి. షిరాజ్ అనే ఎర్ర వైనులో మిరియాల ఘాటుకు కారణమైన రోటండోన్ అనే పదార్థం మిరియాల్లో ఉన్నదే. మిరియాల చారు తాగిన ముక్కుకు అది పాత పరిచయం. నిపుణులకు మరీ జంకనక్కరలేదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు తెల్ల వైనుకు వాసనలేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకు ఇచ్చాడు. 2001లో అచ్చయిన ఆ ప్రయోగంలో వాళ్ళు దానికి ఎర్ర వైను వాసనలే అంటగట్టారు.

రుచి దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఎవరికి నేర్పాలన్న ప్రశ్న పుడుతుంది. టానిన్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు మరిగిపోయిన టీ నుంచి మొదలుపెట్టి నానా తంటాలు పడతాయి. తెలుగులో అది ఒక్క మాట: వగరు. తొక్కల్లోంచీ గింజల్లోంచీ దిగిన టానిన్లు ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకోవడంతో, పచ్చి వక్క కొరికినట్టు, నోరు పట్టేస్తుంది. ఉగాది పచ్చడిలో మామిడి వగరును వేపపువ్వు చేదు నుంచి విడదీయడం తెలుగువాడు పాలపళ్ళ వయసులోనే నేర్చుకుంటాడు. ఆరు రుచుల్లో ఉప్పూ కారమూ పక్కన పెడితే, మిగిలిన నాలుగింటితోనే వైను సంసారం నడుస్తుంది.

పద్ధతి ప్రకారం చప్పుడయ్యేలా జుర్రి, పుక్కిలించి, ఉమ్మేయాలి. చారు జుర్రితే నెత్తిన మొట్టిన పెద్దల ముందు ఈ చప్పుడు ఒక ప్రతీకారం. పుక్కిలించడం రోజూ పొద్దున్నే చేసేదే. ఉమ్మేయడం మాత్రం కుదరదు. డబ్బు పోసి కొన్నదాన్ని ఉమ్మడానికి మనసొప్పక కొత్తవాడు మింగేస్తాడు. నాలుగో రకానికి వచ్చేసరికి అన్నీ నేరేడుపండ్లే.

తిండితో జత కలపడంలో రెండు లెక్కలు చాలు. ఆల్కహాలూ వగరూ మిరప మంటను ఎగదోస్తాయి కాబట్టి ఘాటైన బిర్యానీకి కాస్త తియ్యదనమున్న షెనాన్ బ్లాన్ అనే తెల్ల వైను నయం. పుల్లటి కూర ముందు పులుపు తక్కువ వైను చప్పబడుతుంది; గోంగూర మాంసానికి పులుపున్న సీసానే తియ్యాలి. ఆవకాయకు పెరుగన్నం ఉండనే ఉంది.

మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులు నిలుస్తుంది. తరవాత గాలి సోకి, బాక్టీరియా ఆల్కహాలును వెనిగర్‌గా మారుస్తుంది. మణికొండ ఫ్రిజ్‌లో దాని చోటు దోసెలపిండి డబ్బా పక్కన. ఊరినుంచి వచ్చిన తల్లికి అది ద్రాక్షరసమని చెప్పి ఉంటారు. పదో రోజు పొద్దున దోసెలు పొయ్యబోతూ ఆమె సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూస్తుంది. "ఒరే, ఈ ద్రాక్షరసం పులిసిపోయిందిరా."