ముఖం మీది, ప్రాక్టీసు మాది

నర్సాపూర్‌లో చర్మ సౌందర్యానికి శిక్షణ క్లినిక్కు లేదని బాధపడేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. లేసులల్లే గోదావరి నరసాపురం కాదు, పట్నం నుంచి వస్తుంటే అడవి దాటగానే తగిలే మన మెదక్ నర్సాపూర్ సంగతే చెబుతున్నా. రాష్ట్రంలో ఈ పాటి ఊళ్లన్నిటిలోలాగే ఇక్కడా ఆ శిక్షణ ఆదివారం సెలవైనా లేకుండా సాగుతోంది. మందుల షాపు కౌంటరు ఒక తరగతి గది, బ్యూటీ పార్లరు లోపలి కుర్చీ మరొకటి, ఆర్‌ఎంపీ గారి బల్ల ఇంకొకటి. నేర్చుకునే చేతులున్నాయి, నేర్చుకోవడానికి ముఖాలున్నాయి. లేనిదల్లా పక్కన నిలబడి "ఆగు" అనే మనిషి. ఆ ఒక్కడి జీతం మిగుల్చుకున్నాం.

మొదటి పాఠం ఇలా ఉంటుంది. పెళ్లి కుదిరిన పిల్ల వచ్చి, "అన్నా, మొఖం తెల్లగ గావాలె, మంచి క్రీమ్ ఉంటె ఇయ్యి" అంటుంది. అన్న ఇస్తాడు. ట్యూబులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటికి తోడు ఒక స్టెరాయిడు. కొన్నాళ్లు ముఖం వెలిగిపోతుంది, పెళ్లి ఫొటోలు బాగా వస్తాయి. ఆ తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు లేస్తాయి, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఆపితే మంట, పూస్తే చల్లన. ఇక ఆ పిల్ల ఆ ట్యూబుకు శాశ్వత చందాదారు. ఇలా పాడైన ముఖాలు ఎంత పెరిగిపోయాయంటే, మన దేశపు చర్మవైద్యులు 2008లో దీనికి ప్రత్యేకంగా ఒక జబ్బు పేరే పెట్టుకోవాల్సి వచ్చింది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేనిదే అమ్మొద్దంది. ఆ హెచ్చరిక ట్యూబు మీద అచ్చయ్యే ఉంటుంది. కళ్ల డాక్టరు దగ్గరికి ముందే వెళ్లొచ్చినవాళ్లు చదువుకోవచ్చు.

ఈ విద్యకు యాభయ్యేళ్లు నిండాయి, ఎవరూ స్వర్ణోత్సవం చేయలేదు. 1975లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే వైద్యుడు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిపిన మిశ్రమాన్ని ప్రకటించాడు. (వైద్యుడి కనుసన్నల్లో కొన్ని వారాలు వాడితే మంగుకు అది ఇప్పటికీ మంచి మందే, క్లిగ్‌మన్‌ను తిట్టి లాభం లేదు.) అదే ఏడు మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మకానికొచ్చింది. అదే ఏడు హార్వర్డ్‌లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్, ఎండకు ఏ చర్మం కాలుతుందో ఏది నల్లబడుతుందో చూసి చర్మాలను రకాలుగా విడదీశాడు. మొదట నాలుగే రకాలు, అవీ తెల్లవాళ్లవే. గోధుమ, నలుపు చర్మాల కోసం ఐదూ ఆరూ తర్వాతెప్పుడో చేర్చారు. శాస్త్రం మనల్ని ఆలస్యంగా గుర్తించింది గానీ క్రీము కంపెనీ మాత్రం మొదటి రోజే గుర్తుపట్టింది. 2020లో ఆ పేరులోంచి ‘ఫెయిర్’ను పీకి ‘గ్లో’ను అతికించారు.

పై చదువులకు పట్నం పోవాలి. అక్కడ శని, ఆదివారాల్లో కాస్మెటాలజీ కోర్సులుంటాయి. మొదటి రోజు బొటాక్స్, ఫిల్లర్లు. రెండో రోజు లేజరు, జుట్టు నాటడం, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం బంగారు అంచు సర్టిఫికెట్. నేర్చుకోవడానికి బతికున్న ‘మోడల్’ను కూడా వాళ్లే సమకూరుస్తారు. ఆ మోడల్ ఎవరు, ఏం చెప్పి కూర్చోబెట్టారు, నెల తర్వాత ఆ ముఖం ఎలా ఉంది అని అడిగే పేపరు సిలబస్‌లో ఉండదు. నేను ఎగతాళికి చెబుతున్నాననుకునేవాళ్లు జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో ఇచ్చిన సూచనలు చూడండి. వర్క్‌షాపుల్లోనో యూట్యూబులోనో చూసినంత మాత్రాన జుట్టు నాటడంతో సహా సౌందర్య చికిత్సలు మొదలుపెట్టే అర్హత రాదని కమిషన్ అందులో రాసింది. దేశంలోని అత్యున్నత వైద్య సంస్థ కూర్చుని యూట్యూబు చాలదని కాగితం మీద పెట్టాల్సి వచ్చిందంటే, చాలుననుకునేవాళ్లు ఎంతమంది ఉండి ఉండాలి! కాన్పూర్‌లో 2024 నవంబరులో ఒకరు, 2025 మార్చిలో ఒకరు, ఇద్దరు ఇంజినీర్లు జుట్టు నాటించుకున్నాక చనిపోయారు. కేసు పెట్టింది ఒక పళ్ల డాక్టరు మీద.

రెండు రోజుల్లో చెప్పనివి కొన్నున్నాయి. ముక్కు దూలం దగ్గర ఫిల్లరు సూది పొరపాటున రక్తనాళంలోకి దిగితే ఆ జిగురు కంటి నాళం దాకా పోయి చూపే పోవచ్చు. విరుగుడు మందు అప్పటికే బల్ల మీద ఉండాలి, తెప్పించే వ్యవధి ఉండదు. మన చర్మాలు చాలావరకు ఫిట్జ్‌పాట్రిక్ లెక్కలో నాలుగో, ఐదో రకం. తెల్ల చర్మానికి పెట్టిన కొలతతోనే లేజరు కొడితే మన మెలనిన్ ఆ వేడినంతా తాగేస్తుంది. మంగు తీయించుకోబోయినావిడ ముఖం మీద మంగు ఉండనే ఉంటుంది, దాని చుట్టూ కాలిన మచ్చ అదనం.

ఇక అసలు అర్హులు ఉన్నారు కదా, వాళ్ల కథ వేరు. పీజీ ప్రవేశాల్లో మంచి ర్యాంకు వస్తే గానీ దొరకని సీటు చర్మవైద్యం. మూడేళ్ల ఎండీ, పేరులోనే చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ ఉన్నాయి. పాఠ్యప్రణాళికలో పీల్స్, లేజర్లు కూడా ఉన్నాయి. కానీ పెద్ద దవాఖాన ఓపీలో పొద్దున్నే లైను కట్టేది తామర. ఆ లైను తెగేసరికి మధ్యాహ్నమవుతుంది. లేజరు మిషను ఉందా అంటే ఉంది, తాళం సార్ దగ్గరుంది, సార్ మీటింగులో ఉన్నారు. అలా డాక్టరమ్మ తామరలో పండితురాలై, బొటాక్స్ సూదిని బొమ్మలో చూసి బయటికొస్తుంది. తర్వాత ఏ హోటల్ హాల్లోనో మిషను అమ్మే కంపెనీ పెట్టే శిక్షణకు డబ్బు కట్టి చేరుతుంది. అమ్మేవాడే గురువైనప్పుడు "ఈ మిషను ఈ చర్మానికి వద్దు" అనే పాఠం ఎవరు చెప్పాలి?

దీనికి మందు కొత్తదేం కాదు. అమెరికాలో చాలా చర్మవైద్య శిక్షణ ఆసుపత్రులు తమ రెసిడెంట్ల కోసం సౌందర్య క్లినిక్కులు నడుపుతాయి. ధర తక్కువ. చేసేది నేర్చుకునే డాక్టరని వచ్చినవాళ్లకు ముందే తెలుసు, పక్కన సీనియర్ ఉంటారు. డ్రైవింగ్ స్కూలు కారులో గురువు కాలి కింద రెండో బ్రేకు ఉన్నట్టన్నమాట. మన దగ్గర ఆ మాటెత్తితే మాత్రం రెండు జవాబులు సిద్ధం.

మొదటిది, "పేదోళ్లకు సోకులెందుకు? సర్కారు దవాఖానలో బొటాక్సా?" ఈ మాట అనేవాళ్లు నర్సాపూర్ బస్టాండులో ఒక గంట కూర్చోవాలి. పొలంలో ఎండకు మంగు పట్టిన బుగ్గలు, పొయ్యి దగ్గర కాలిన మెడలు, గడ్డపోతారం కంపెనీల్లో షిఫ్టు చేసి చేతులు పగిలినవాళ్లు, బొల్లి మచ్చ పెదవి మీదికొచ్చిందని సంబంధం తప్పిపోయిన పిల్లలు కనిపిస్తారు. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1950ల్లో కుష్ఠు నయమైనవాళ్లకు తలమీది జుట్టుతో కనుబొమ్మలు కట్టాడు. రోగం పోయినా, కనుబొమ్మలు లేని ముఖం చూసి ఊళ్లు వాళ్లను రానీయలేదు గనుక. అది సోకా, వైద్యమా? కూకట్‌పల్లిలో రాణీ కుముదినీ దేవి శివానంద పునరావాస కేంద్రం పెట్టింది ఇలా ఊళ్లు వెళ్లగొట్టినవాళ్ల కోసమే. కుష్ఠు అన్న మాట డిగ్రీ పేరులో ఉంచుకుని, ఆ రోగి ముఖం బాగుచేయడం మాత్రం సోకంటాం. అయినా సోకే అనుకుందాం. పేదోళ్లు సోకు మానేశారా? దానికే కదా ఆ ట్యూబు కొంటున్నది.

రెండో జవాబు కాస్త బరువైనది. "నేర్చుకునేవాళ్ల చేతిలో పేదోళ్ల ముఖాలు పెడతారా?" పెట్టకూడదు, సీనియర్ లేకపోతే. రిజిస్టర్లో సంతకం పెట్టి సాయంత్రం సొంత క్లినిక్కుకు చెక్కేసే సీనియర్‌ను నమ్ముకుని అసలే పెట్టకూడదు. కమిషన్‌కూ ఆ అనుమానం ఉన్నట్టుంది, 2025 మే నుంచి వైద్య కళాశాలల అధ్యాపకులు ఆధార్ యాప్‌లో తమ ముఖం చూపించి హాజరు వేయాలంది. చర్మ విభాగంలో మరే ముఖానికీ దొరకని పర్యవేక్షణ ప్రొఫెసర్ ముఖానికి దొరికింది. ఆ హాజరు పడ్డాక సార్‌ను గురువారం మధ్యాహ్నం లేజరు గదిలోనే కూర్చోబెట్టగలిగితే సగం పని అయినట్టే.

మిగతా సగానికీ దారి ఉంది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన 2020లోనే వచ్చింది. మెదక్ దాకా వచ్చిన డాక్టరమ్మ వారానికో పూట సీనియర్‌తో కలిసి నర్సాపూర్ ఏరియా ఆసుపత్రికి రాలేదా? గదికి కిటికీ తెర, తెలుగులో అర్థమయ్యే సమ్మతి పత్రం, బల్ల మీద విరుగుడు మందు. కొత్త చర్మమైతే చెవి వెనక రూపాయి బిళ్లంత జాగాలో లేజరు కొట్టి చూడాలి, పేషెంటును ఇంటికి పంపాలి, కొన్ని వారాలు ఆగి ఆ మచ్చ ఏ రంగుకు తిరిగిందో చూశాకే ముఖం ముట్టుకోవాలి. ఆ కొన్ని వారాలు ఆగడాన్ని రెండు రోజుల కోర్సులో ఏ పూట పెడతారో, బిర్యానీకి ముందో తర్వాతో, నిర్వాహకులు చెబితే మనమూ సీటు రిజర్వు చేసుకుందాం.