గేటు వాక్యానికి టీకాతాత్పర్యం

మూలం: కుక్క ఉన్నది జాగ్రత్త.

ప్రతిపదార్థం: కుక్క = ఇంట పెరిగెడి శునకము; ఉన్నది = ఈ గేటు లోపల కలదు; జాగ్రత్త = మెలకువతో ఉండవలెను.

టీక: ఈ వాక్యంలో కఱచు ధాతువు ఎక్కడా లేకపోవడం మొదట గమనించదగినది. "ఉన్నది" అనే క్రియ కుక్క ఉనికిని మాత్రమే చెబుతోంది గనుక, కరవడం నిప్పుకు వేడి వలె కుక్కకు సహజగుణం కాదని, భయం, నొప్పి, తిండిగిన్నె కాపలా వంటి నిమిత్తాల వల్ల వచ్చే ఆగంతుక గుణమని, అనగా కారణం తొలగితే తగ్గేదని తేలుతుంది. అందుచేతనే నిన్నటిదాకా సాధువుగా ఉన్న కుక్క హఠాత్తుగా తిరగబడితే, శిక్షకుడి కన్న ముందు పశువైద్యుడికి చూపాలి. చెవిపోటో కీళ్లనొప్పో బయటపడవచ్చు.

ఇక "జాగ్రత్త"కు ఆకాంక్ష ఉంది. ఆకాంక్ష అనగా అర్థం పూర్తి కావడానికి ఒక పదం మరొక పదాన్ని కోరడం. ఎవరికి జాగ్రత్త? వచ్చేవారికని లోకం అనుకుంటుంది గాని అది పొసగదు. చదివినవాడు గేటు బయటే ఆగుతాడు, చదవలేని పసివాడు లోపలికి పోతాడు. జాగ్రత్ అనగా మేలుకొని ఉండడం గనుక, మేలుకోవలసినవాడు బోర్డు తగిలించి నిద్రపోయిన యజమానియే. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ సైతం, తన దగ్గరి జంతువు వల్ల ఇతరులకు హాని కలగకుండా చూసుకోని వాడినే శిక్షార్హుణ్ణి చేస్తుంది.

అతడు మేలుకొని చూడవలసినవి ఆకలి లేని మూతి నాకుడు, నిద్ర రాని ఆవులింత, తెల్లగుడ్డు కనబడే ఓరచూపు, బిగుసుకున్న ఒళ్లు, ఆపైన గుర్రు. గుర్రుమన్నందుకు కొడితే గుర్రు పోతుంది గాని భయం పోదు. మరునాడు కుక్క చెప్పకుండానే కరుస్తుంది, యజమాని మాత్రం "ఊరికే కరిచింది" అంటాడు.

యజమాని మందకు నాయకుడై కుక్కను అణచాలని పూర్వపక్షం. ఇది బంధనంలోని తోడేళ్లను చూసి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసినదాని నుండి పుట్టింది. 1970లో తన పుస్తకంతో దీనికి ప్రచారం కలిగించిన డేవిడ్ మీచ్, అడవిలోని మంద తల్లిదండ్రులూ పిల్లలూ ఉండే కుటుంబమేనని 1999లో తానే సవరించాడు. తన పక్షాన్ని తానే ఖండించుకున్న శాస్త్రకారుడు అరుదు గనుక ఈ పూర్వపక్షానికి వేరే ఖండనం అక్కరలేదు.

గేటు దగ్గరి మొరుగుడికి మూలం కాకతాళీయం, అనగా కాకి వాలగానే తాటిపండు రాలితే కాకియే కారణమనుకోవడం. డెలివరీ కుర్రవాడు పొట్లం ఇచ్చి తన దారిన పోతాడు; తాను మొరిగినందునే పారిపోయాడని కుక్క ఊహిస్తుంది, ఆ ఊహ రోజుకు నాలుగుసార్లు రుజువవుతుంది. విరుగుడేమంటే, కుక్క చూసి కూడా మొరగనంత దూరంలో మనిషిని నిలిపి, అతడు కనబడినంతసేపూ ఉడికిన కోడిముక్కలు అందించి, కనుమరుగు కాగానే ఆపి, కొన్ని వారాల మీద దూరాన్ని అడుగడుగునా తగ్గించడం. గిన్నె విషయంలోనూ ఇదే రీతి. లాక్కోకుండా, దూరం నుండి అంతకన్న మంచి ముక్క విసిరి పోతూ ఉంటే, మనిషి రాక దోపిడీ కాదు, దక్షిణ అని కుక్కకు తోస్తుంది. అంతవరకు పరాయివారి నడుమ చిక్కం తగును. ఇది ఎద్దు మూతికి కట్టేదాని వంటిదే గాని, నోరు తెరిచి వగర్చడానికి వీలుగా బుట్టవలె ఉండాలి.

తాత్పర్యం: ఓ యజమానీ, నీ ఇంట కుక్క ఉన్నది, నీవు మేలుకో.

పాఠాంతరం: "కుక్కలు ఉన్నవి జాగ్రత్త." ఒకే పొమేరియన్ గల ఇళ్లలో సైతం ఈ పాఠం కనబడుతుంది. గౌరవార్థంలో బహువచనమని సమర్థిద్దామంటే "ఉన్నారు" అని ఉండవలసింది.