నేను కార్పొరేటర్ని కాను

బెజవాడ ఆటోనగర్లో నన్ను సరైన పేరు పెట్టి పిలిచినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళందరికీ నేను ‘కార్పొరేటర్’నే. “మీ కార్పొరేటర్ కారిపోతోందండీ” అని ఒక కుర్రాడు గుమ్మంలో నిలబడి చెబితే మా అమ్మగారు కంగారుపడి, “మన వార్డాయనకేమొచ్చింది నాయనా!” అన్నారు. ఆ రోజు ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం కారుతూనే ఉన్నాను.

నేను కార్బొరేటర్ని. 1985 నాటి ప్రీమియర్ పద్మిని బానెట్ కింద నా కాపురం. నా నమూనా ఫ్రాన్సు దేశపు సోలెక్స్ వాళ్ళది, పుట్టుక మద్రాసులో. ఒంట్లో ఎక్కువ పాళ్ళు జింకు, జెట్లూ ఫ్లోటూ ఇత్తడి. కారేమో ఇటలీ ఫియట్ 1100 సంతతి, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళ కర్మాగారంలో తయారైంది. 1974లో దానికి చిత్తోడు రాణి పేరు పెట్టారు గానీ, ఉయ్యూరు నుంచి బెజవాడ దాకా ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ అది ‘ఫియట్టు కారే’. స్టీరింగు పక్కన గేరు కడ్డీ, ముందు పొడుగాటి బల్లలాంటి సీటు, అందులో ముగ్గురు పెద్దలూ ఒళ్ళో ఒక చంటిదీ. 1089 సీసీ ఇంజను. దానికి నాలుగు నోళ్ళు, అన్నం కలిపి పెట్టే చెయ్యి ఒక్కటే. అది నాది.

కలపడమంటే ఏమిటో చెప్పాలి. లేకపోతే కారడం ఎందుకు అంత పెద్ద నేరమో అర్థం కాదు. పాపికొండల దగ్గర గోదావరిని చూసినవాళ్ళకి తెలుసు, అంత వెడల్పు నది కొండల మధ్య ఇరుకులో పడగానే పరుగు అందుకుంటుంది. నా గొంతు కూడా నడుమ సన్నం. ఇంజను పీల్చే గాలి అక్కడికి రాగానే వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. వెంచూరి అనే ఇటలీ పండితుడు 1797లో దీని గురించి రాసిపెట్టాడు. ఒత్తిడి తగ్గిన ఆ చోటికి పక్క గిన్నెలోంచి పెట్రోలు తనంతట తనే లేచి తుంపరై గాలిలో కలుస్తుంది. దోమల మందు కొట్టే పాతకాలపు ఫ్లిట్ పంపు చేసేదీ ఇదే. గాలి పద్నాలుగు పాళ్ళ పైచిలుకుంటే పెట్రోలు ఒక పాలు, తూకంలో. నా ఉద్యోగమంతా ఆ పాళ్ళు తప్పకుండా చూడటమే.

పక్క గిన్నె అన్నానే, దాన్ని ఫ్లోట్ చాంబర్ అంటారు. మీ మేడ మీద నీళ్ళ ట్యాంకులో బంతి వాల్వు ఉంటుంది చూడండి, అచ్చం అదే ఏర్పాటు. పంపు పెట్రోలు తోస్తుంది, గిన్నె నిండేకొద్దీ ఇత్తడి ఫ్లోటు పైకి తేలుతుంది, తేలి తేలి మూతలో ఉన్న నీడిల్ వాల్వుని మూసేస్తుంది. మట్టం నా ముక్కు కొసకి ఒక్క పిసరు కింద ఆగాలి. ఆ పిసరులోనే నా పరువుంది. మట్టం దాటిందా, ఇంజను పీల్చకుండానే పెట్రోలు దాని కడుపులోకి దిగుతుంది, లేదంటే మూత అంచుల్లోంచి బయటికి వస్తుంది. ప్లగ్గులు తడుస్తాయి, సైలెన్సరు నల్లపొగ కక్కుతుంది, ఇంజనాయిల్లో పెట్రోలు కలిసి ఆయిలు మజ్జిగలా పల్చబడుతుంది. కాగి ఉన్న ఇంజను మీద చుక్కలు పడి, ఎక్కడో ఒక నిప్పురవ్వ ఎగిరితే ఇక చెప్పేదేముంది!

మా పెద్దాయనది ఉయ్యూరు దగ్గర చెరకు సేద్యం. ఫ్యాక్టరీ డబ్బులు చేతికందిన ఏడాది కారు కొన్నారు, తర్వాత పటమటలో ఇల్లు కట్టారు. మే నెలలో బెజవాడ ఎండకి పైపులోనే పెట్రోలు ఆవిరై బండి బ్యారేజీ మధ్యలో ఆగిపోతే, దిగి భుజం మీద తువ్వాలు తడిపి పెట్రోలు పంపు మీద వేసేవారు. పది నిమిషాలకి మళ్ళీ బయల్దేరేవాళ్ళం. వెనక లారీలవాళ్ళు హారన్ కొట్టినా ఆయన తొణికేవారు కాదు. ఆ తువ్వాలు వాసన నాకిప్పటికీ గుర్తు.

మోకాళ్ళు అరిగాక ఆయన నడపడం మానేశారు. తొమ్మిదేళ్ళు షెడ్డులో ముసుగు కింద ఉన్నాను. గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి, అడుగున తుమ్మజిగురులాంటి గోధుమరంగు బంక మిగిలింది. ఇత్తడి జెట్ల మీద పచ్చగా చిలుము పట్టింది. బల్లులు, ఎలుకలు, ఒక కందిరీగల తుట్టె, ఇవి చుట్టాలు. చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు.

మనవడికి పెళ్ళి కుదరడంతో నా దశ తిరిగింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే ఆ అబ్బాయి తాతగారి ఫియట్టులోనే ఊరేగుతానన్నాడు. ముహూర్తానికి ఇరవై రోజులుంది. టైర్లు వచ్చాయి, బ్యాటరీ వచ్చింది, ట్యాంకు కడిగారు. సెల్ఫ్ కొట్టగానే ఇంజను దగ్గింది, తుమ్మింది, బతికింది. వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఐదు నిమిషాల్లో నా మూత అంచు నుంచి ఒక చుక్క జారింది. వెనకే ఇంకోటి.

మొదట వచ్చిన మెకానిక్కు మంచివాడే, కాకపోతే చెయ్యి బరువు. చుక్క ఎక్కడ కనిపిస్తే జబ్బు అక్కడే ఉందనుకునే రకం. మూత అంచున తడి చూశాడు, పెద్ద స్క్రూడ్రైవరు తీశాడు, బిగించాడు. కారింది. మళ్ళీ బిగించాడు. మూతదీ నాదీ ఇనుప ఒళ్ళు కాదని, జింకు మిశ్రమానికి అంత బలం పెడితే స్క్రూ ఉన్న చోట కుంగి, స్క్రూకీ స్క్రూకీ మధ్య విల్లులా పైకి లేస్తుందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. బిగించిన ప్రతిసారీ సందు పెరిగింది. చివరికి ట్యూబులోంచి ఏదో జిగురు పిండి అంచులకి పూశాడు. పెట్రోలు తగలగానే అది ఉబ్బి మెత్తబడి తునకలుగా ఊడింది. ఒక తునక వెళ్ళి నా పైలట్ జెట్లో కూచుంది. అప్పటిదాకా కారడం ఒక్కటే, ఇప్పుడు మిస్సింగు కూడా. అది తియ్యడానికి జెట్లో తీగ పెట్టి పొడవబోయాడు. జెట్టు రంధ్రం కొలత మిల్లీమీటరులో నూరోవంతుల లెక్కన ఉంటుంది. తీగతో గీరితే ఆ లెక్క పోయినట్టే. అమ్మగారు అప్పుడే కాఫీ తేవడం నా అదృష్టం.

రెండో ఆయన చదువుకున్నవాడు, ఫోనులో చూసి వచ్చాడు. “నీడిల్ వాల్వు పోయిందండీ, కొత్తది వేస్తే అయిపోద్ది” అన్నాడు. మాట తప్పు కాదు. పాత వాల్వు సూది మొనలో గాడి పడిన మాట నిజమే. కొత్తది తెచ్చి వేశాడు, మూత మూశాడు, స్టార్ట్ చేశాడు. కారింది. ఇంకో కొత్తది తెచ్చాడు. కారింది. మూడోదీ తెస్తానన్నాడు గానీ పెద్దాయన వద్దన్నారు.

ఈలోగా ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. పెద్దాయన రోజూ రాత్రి కారు కింద, సరిగ్గా నా అడుగున, ఆనాటి పేపరు పరిచేవారు. పొద్దున్నే వంగలేక వంగి దాన్ని తీసి మరక చూసేవారు. పెట్రోలు ఎగిరిపోయినా గిన్నె అడుగు బంక కరిగి పచ్చటి వలయం మిగిలేది. “ఇవాళ సంపాదకీయం దాకా వచ్చిందే!” అనేవారు. “పేపరైనా చదవనివ్వరు కదా” అని అమ్మగారు విసుక్కునేవారు.

ముహూర్తం వారంలోకి వచ్చేసరికి ఆటోనగర్ నుంచి ఒక ముసలి మేస్త్రిని ఆటోలో తీసుకొచ్చారు. పని మానేసి చాలా కాలమైంది, కంటికి ఆపరేషను కూడా అయింది. పెద్దాయనని చూడగానే, “ఏంటి బాబాయ్, బండి ఇంకా ఉందా!” అన్నాడు. వస్తూనే నన్ను విప్పలేదు. ముందు బ్యాటరీ వైరు పీకించాడు. వీధిలో బీడీ కాలుస్తున్న వాచ్‌మేన్‌ని అవతలికి పొమ్మన్నాడు. ఇసక బకెట్టు పక్కన పెట్టించాడు. అప్పుడు నా ఒళ్ళంతా గుడ్డతో పొడిగా తుడిచి, మనవడితో, “బాబూ, పంపుకి కింద చిన్న కడ్డీ ఉంటది, దాంతో కొట్టు. నెమ్మదిగా” అని, టార్చి పట్టుకుని చూస్తూ కూచున్నాడు. తడి మొదట ఎక్కడ పుడుతుందో చూడాలి, ఎక్కడ కనిపిస్తుందో కాదు. ఇన్ని రోజుల్లో నన్ను అలా చూసినవాడు అతనొక్కడే.

తర్వాత మూత తీశాడు. ఫ్లోటుని చెవి దగ్గర పెట్టుకుని కొబ్బరికాయలా ఊపాడు. లోపల పెట్రోలు చేరితే గలగలమంటుంది, బరువెక్కి తేలదు. చప్పుడు లేదు. అయినా నమ్మక, అమ్మగారిని అడిగి గిన్నెలో వేడినీళ్ళు తెప్పించి ముంచాడు. చిల్లుంటే బుడగలొస్తాయి. రాలేదు. బయటికి తీసి ఆరబెడుతూ బొటనవేలితో అడుగున ఒక గుండ్రటి మచ్చ తడిమాడు. తడిమి చాలాసేపు ఊరుకున్నాడు.

“ఇది నా మాటే బాబాయ్” అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ పైమాట. అప్పుడు నిజంగానే నా ఫ్లోటుకి సూదిమొనంత చిల్లు పడింది. లోపలి పెట్రోలు చుక్క లేకుండా వేడినీళ్ళలో ఉంచి తరిమేసి, టంకం పెట్టి, అక్కడితో సరిపెట్టకుండా, టంకం బరువుకి ఫ్లోటు కుంగిపోతుందని ఆకురాయితో పూట పొడుగునా అరగదీసింది ఇతనే. అప్పటి నల్లటి జుట్టు కుర్రాడు. నేనతన్ని గుర్తుపట్టలేదు. అతను నన్ను పట్టాడు.

ఫ్లోటు పక్కన పెట్టి, మూత తిరగేసి కొత్త వాల్వు విప్పాడు. విప్పి నవ్వాడు. “వాషరేదీ?”

లేదు. వాల్వుకీ మూతకీ మధ్య ఒక ఫైబర్ వాషరుండాలి. రెండో ఆయన పాత వాల్వుతో పాటు దాన్నీ పారేశాడు. వాల్వు ఎంత కొత్తదైనా, ఎంత బాగా మూసుకున్నా, పెట్రోలు దాని జోలికి పోకుండా మరల సందుల్లోంచి గిన్నెలోకి దిగుతోంది. తలుపుకి తాళం వేసి, పక్క గోడ తీసేసినట్టు. పైగా వాషరు మందం లేక వాల్వు పైకి జరిగింది, అంటే ఫ్లోటు ఇంకాస్త పైకి లేస్తే తప్ప మూసుకోదు. మట్టం పెరగడానికి అదొక దారి.

ఇక వంగిన మూత. అద్దం ముక్క తెప్పించి, దాని మీద జీరో ఎమరీ కాగితం పరిచి, రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, మూతని బోర్లించి ఎనిమిది అంకెలా తిప్పుతూ రుద్దాడు. కాసేపు రుద్దడం, తుడిచి వెలుతురుకి పట్టి చూడటం. ముందు స్క్రూల చోట్ల మాత్రమే మెరుపు వచ్చింది, మధ్యలో తగలని చోట్లు మసకగా ఉన్నాయి. మనవడు మధ్యలో “నేను రుద్దనా తాతా?” అన్నాడు. “ఒత్తకూడదు. చెయ్యి బరువే చాలు” అని ఇచ్చాడు. గంటన్నరకి అంచంతా ఒకే మెరుపు. ప్యాకింగు కాగితం మూత మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంట మెల్లగా తట్టి కత్తిరించాడు. జెట్లు సైకిలు పంపు గాలితోనే ఊదాడు.

పాత రబ్బరు పైపు గిల్లి చూస్తే పెళుసుబారి పగుళ్ళు. “ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ బాబాయ్, పాత రబ్బర్లు తట్టుకోవు” అని, దానికి తగ్గ పైపు, యాక్సిలరేటర్ పంపు పొర రెండూ మార్పించాడు. ఇథనాల్ అంటే చెరకు నుంచీ వచ్చేదే కదా. అది విని పెద్దాయన, “నేను పండించిందే ఇన్నాళ్ళకి దీని నోట్లోకొచ్చిందన్నమాట” అన్నారు. నాకు సీసం పెట్రోలు తెలుసు, 2000లో దాన్ని దేశమంతటా ఆపేశాక వచ్చింది తెలుసు. ఈ కొత్త మందు నీటిని పీల్చుకునే రకం. వాడకుండా నెలల తరబడి నిలబెడితే నా జింకు ఒంటికి మంచిది కాదు. అందుకని వారానికోసారి తిప్పమని మేస్త్రి చెప్పాడు. ఆ ఒక్క సలహా విని నాకు ప్రాణం లేచొచ్చింది.

మూత బిగించడం చివరికి మిగిలింది. చిన్న స్క్రూడ్రైవరు, పిడిని రెండు వేళ్ళతో పట్టుకుని, ఒకటి బిగిస్తే తర్వాత దాని ఎదురుది, అన్నీ కొంచెం కొంచెం. ఆఖరి స్క్రూ దగ్గర మనవడు, “ఇంకొంచెం టైట్ చేద్దామా?” అన్నాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు తీసి జేబులో పెట్టుకున్నాడు.

డబ్బులిస్తే ఆటో చార్జీ వరకే తీసుకున్నాడు. పెళ్ళికి రమ్మన్నారు. వస్తానన్నాడు.

ఆ రాత్రి పెద్దాయన అలవాటు ప్రకారం నా కింద పేపరు పరిచారు. పొద్దున్నే వచ్చి, గోడ పట్టుకుని వంగి, బయటికి లాగారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తర్వాత కారు తలుపు తీసి ముందు సీట్లో కూలబడి, కళ్ళజోడు సర్దుకుని, నిన్నటి పేపరు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు.