నన్ను అడిగి చూడండి

నా పుట్టిల్లు స్వీడన్. 1995లో మైకేల్ వైడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ కలిసి నన్ను లోకానికి పరిచయం చేశారు. వైడేనియస్ కూతురు పేరు మై. ఆ పాప పేరే ముందు తగిలించి నన్ను మైఎస్‌క్యూఎల్ అన్నారు. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కొనుక్కుంది, 2010లో ఆ సంస్థతో పాటే ఒరాకిల్ చేతికి వెళ్లాను. ఎవరి చేతిలో ఉన్నా నా పని ఒక్కటే: ఇచ్చింది దాచిపెట్టడం, అడిగితే వెతికి ఇవ్వడం.

ఇప్పుడు నేను ఒక తెలుగు మాసపత్రిక వెబ్‌సైటు వెనక ఉంటున్నాను. పాత సంచికల కథలు, వ్యాసాలు, సీరియళ్లు అన్నీ నా దగ్గరే. పాఠకుడు కథ పేరు మీద నొక్కగానే సైటు సాఫ్ట్‌వేర్ 3306 పోర్టుకి వచ్చి ఫలానా కథ కావాలంటుంది. నిఘంటువులో మాట వెతికేవారు మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రారు కదా, నేనూ అంతే. ఇండెక్స్ పట్టుకుని నేరుగా ఆ రికార్డు దగ్గరికే వెళతాను. ఇన్నేళ్లూ రెప్పపాటులో ఇచ్చాను.

నా 5.7 వెర్షన్‌కి 2023 అక్టోబరుతో మద్దతు ముగిసింది. మార్చక తప్పదు. సైటు సాఫ్ట్‌వేర్‌నీ నన్నూ ఒకే రాత్రి అప్‌గ్రేడ్ చేశారు. మొదట నేను లేవనేలేదు. సెట్టింగుల ఫైల్లో క్వెరీ క్యాష్ లైను ఒకటి మిగిలిపోయింది, 8.0లో ఆ సదుపాయమే తీసేశారు. ఆ లైను చెరిపేశాక లేచాను. అర్ధరాత్రి పాఠకులు పల్చగా ఉంటారు కాబట్టి అంతా సవ్యంగానే కనిపించింది.

కొత్త సంచిక విడుదలైన పొద్దున మొదలైంది అసలు కష్టం. ముఖచిత్ర కథ పేజీ తెరుచుకోదు. అరవై సెకన్లు తిరిగి తిరిగి, గేట్‌వే టైమౌట్ అని 504 చూపిస్తుంది. లాగ్ నిండా 1205 అనే నంబరు: లాక్ కోసం ఎదురుచూసిన గడువు దాటిపోయిందని. ఆ లాగ్‌లో ప్రతిసారీ పట్టుబడిన క్వెరీ ఒకటే, ఈ కథను ఇంతమంది చదివారని లెక్క పెంచే చిన్న అప్‌డేట్. దోషం దానిదేనని అందరూ నమ్మారు.

లాక్ కోసం నేను మామూలుగా 50 సెకన్లు ఆగుతాను. దాన్ని 120 చేశారు. అప్పుడేమైందంటే, 50 సెకన్లకే తప్పుకోవాల్సినవాళ్లు కూడా అలాగే నిలబడిపోయారు. పేజీ రాలేదని పాఠకులు మళ్లీ మళ్లీ రీఫ్రెష్ కొట్టారు. వెబ్ సర్వరు అవతల చేతులెత్తేసిన సంగతి నాకు తెలియదు. మొదలుపెట్టిన క్వెరీని నేను చివరిదాకా నడుపుతూనే ఉంటాను. ఆ పాతది నడుస్తుండగానే అదే క్వెరీ ఇంకోటి, దాని వెనక మరోటి. నాకు మామూలుగా ఉండే 151 కనెక్షన్లూ నిండిపోయి, కొత్తగా వచ్చినవాళ్లకు కనెక్షన్లు మించిపోయాయనే 1040 ఎర్రర్ చూపించాల్సి వచ్చింది. కనెక్షన్ల హద్దును 500కి పెంచారు. ఉన్న ప్రాసెసర్‌నీ మెమరీనీ మరింతమంది పంచుకోవడంతో ఒక్కొక్కరి పని ఇంకా నెమ్మదించింది.

ఆ మధ్యాహ్నం ఒకామె లాగిన్ అయింది. ఆమెను నేను చూడలేదు. టైప్ చేసిన కమాండ్లను బట్టి నాకు తెలిసిన మనిషి ఆమె. సెట్టింగుల జోలికి పోలేదు. షో ఫుల్ ప్రాసెస్‌లిస్ట్ అంది. ఇప్పుడు నువ్వేం చేస్తున్నావని అడగడం అది. ఆ ప్రశ్న కోసమే పొద్దుటినుంచి చూస్తున్నాను. నడుస్తున్నవన్నీ వరుసగా ముందుపెట్టాను. తర్వాత సిస్ స్కీమాలోని లాక్ వెయిట్స్ తెరిచింది. ఎవరు ఆగారో, ఎవరు ఆపుతున్నారో రెండూ పక్కపక్కన కనపడతాయి అక్కడ. ఆగినది లెక్క పెంచే అప్‌డేట్; ఆపుతున్న కనెక్షన్‌లో నడుస్తున్నది మాత్రం వేరే క్వెరీ, పేజీ కింద వచ్చే 'ఇవీ చదవండి' జాబితాది. కొత్త సాఫ్ట్‌వేర్ ఒకే ట్రాన్సాక్షన్‌లో ముందు లెక్క పెంచి, తర్వాత ఆ జాబితా అడుగుతోంది. జాబితా పూర్తయ్యేదాకా ఆ కథ రికార్డు మీది లాక్ వదలడానికి నాకు వీల్లేదు. అదే కథ చదవడానికి వచ్చిన రెండో పాఠకుడి లెక్క అక్కడే ఆగిపోతుంది.

మరి జాబితా ఎందుకింత ఆలస్యం? ఆమె ఆ క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ చేర్చి అడిగింది. కథల టేబుల్ ఎదురుగా టైప్ గడిలో 'ఆల్' అని, కీ గడిలో 'నల్' అని చూపించాను. అంటే ఇండెక్స్ వాడటం లేదు, మొత్తం టేబుల్ చదువుతున్నాను. ఈ జాబితా కోసం అప్‌గ్రేడ్‌లో చేరిన కొత్త టేబుల్లోని ఒక్కో రికార్డుకీ కథల టేబుల్ మొదలంటా. ఇండెక్స్ ఉందిగా అని ఆమెకు అనుమానం వచ్చి ఉండాలి, వెంటనే షో వార్నింగ్స్ అంది. నేను నడుపుతున్న క్వెరీ అసలు రూపం అందులో ఉంటుంది. కథ పేరున్న కాలమ్ చుట్టూ 'కన్వర్ట్' అని నేను చేర్చుకున్న మాట అక్కడ బయటపడింది.

మూలం అక్షరాల్లో ఉంది. యూటీఎఫ్8లో తెలుగు అక్షరం 'క' దాచాలంటే 3 బైట్లు కావాలి. నా పాత యూటీఎఫ్8 క్యారెక్టర్ సెట్‌లో ఒక అక్షరానికి 3 బైట్లే గరిష్ఠం. తెలుగుకి అది చాలు, అందుకే ఏళ్ల తరబడి ఎవరికీ లోటు తెలియలేదు. 4 బైట్ల ఎమోజీలు అందులో పట్టవు. 8.0 నుంచి యూటీఎఫ్8ఎంబీ4 మామూలైంది. అప్‌గ్రేడ్‌లో పుట్టిన కొత్త టేబుల్ దాంట్లో పుట్టింది. కథల టేబుల్ పాతదాంట్లోనే ఉండిపోయింది. అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన పాత టేబుళ్లు వాటంతటవి మారవు. రెండు కాలమ్‌లను పోల్చమంటే పాతదాన్ని కొత్తదానిలోకి మార్చి పోలుస్తాను. మార్చిన విలువకు నా ఇండెక్స్ పనికిరాదు. కళ్లకు రెండూ ఒకే తెలుగు మాట, అక్షరం తేడా లేదు. అందుకే ఇది ఇంత కాలయాపన చేయించింది.

ఆ రాత్రి ముందుగా బ్యాకప్ తీసుకుంది. కథల టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చమంటే ఒప్పుకోలేకపోయాను: టేబుల్ కాంపాక్ట్ రో ఫార్మాట్‌లో ఉండాలని ఎప్పుడో రాసి ఉంది, ఆ ఫార్మాట్‌లో ఇండెక్స్ హద్దు 767 బైట్లు. 255 అక్షరాల పేరుకి మూడేసి బైట్లయితే 765, సరిపోయింది. నాలుగేసి అయితే 1020. అదే కమాండ్‌లో ఫార్మాట్‌ని డైనమిక్ చేయమని చేర్చాక పని సాగింది. టేబుల్ మొత్తం కొత్తగా రాసుకునేంతసేపూ చదవనిస్తాను గానీ ఏదీ రాయనివ్వను, కాబట్టి రాత్రి ఎంచుకోవడం మంచిదైంది. లెక్క పెంచే పనిని విడి ట్రాన్సాక్షన్‌గా వేరుచేయించింది. పెంచిన రెండు హద్దులనూ మళ్లీ 50కి, 151కి తెచ్చిపెట్టింది. ఆమె అంటే నాకు గౌరవం అక్కడ రెట్టింపైంది, ఎందుకంటే సమస్య తీరాక ఆ అంకెలను వెనక్కి తెచ్చేవారు అరుదు.

సైట్లు నడిపేవాళ్లను కోరేది ఇదే. అప్‌గ్రేడ్‌ని ముందు నిండు డేటా ఉన్న కాపీ మీద చేసి చూడండి. నాలుగు రికార్డులున్న టెస్టు సైటులో ఈ జబ్బు బయటపడదు. స్లో క్వెరీ లాగ్ మామూలుగా ఆపేసి ఉంటుంది, తెరిచి పెట్టండి. మీ పాత టేబుళ్లు ఏ క్యారెక్టర్ సెట్‌లో ఉన్నాయో ఇవాళే చూసుకోండి. షో క్రియేట్ టేబుల్ అంటే చాలు, చివరి లైన్లోనే చెబుతాను.