వాళ్లు ఓడితే మనం గెలిచినట్టే

మాకవరపాలెంలో పదో తరగతి లెక్కల్లో గట్టెక్కని వాళ్లకి కొదవ లేదు. ప్రొ కబడ్డీ సీజన్ చివరి వారానికి వచ్చేసరికి వాళ్లంతా ఆర్యభట్టులైపోతారు. మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడి వినండి. "ముంబై ఓడాలి, జైపూర్ తడబడాలి, పాట్నావోడు ఎలా పోయినా మనకి నష్టం లేదు" అంటుంటారు. తెలుగు టైటాన్స్ ఎలా గెలవాలన్న మాట మాత్రం ఎక్కడా వినపడదు. అది మన చేతిలో లేని పనని అందరికీ తెలుసు. ఎవరెవరు ఓడాలన్నదైతే కనీసం చర్చించుకోవచ్చు.

2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు టైటాన్స్ సొంతగడ్డ విశాఖపట్నం. నర్సీపట్నం నుంచి వచ్చే బస్సు మా ఊళ్లో ఎక్కితే తాళ్లపాలెం, కశింకోట, అనకాపల్లి దాటించి వైజాగులో దింపుతుంది. అంటే జట్టు మాకు బస్సు దూరం. బస్సు దూరంలో ఉన్న జట్టుని వదులుకోవడం మా పక్కోళ్లకి చేతకాదు. పైగా అది చెడుగుడు. సంక్రాంతికి కోత కోసిన మళ్లలో గీతలు గీసుకుని కూతకెళ్లిన వాళ్లమే అందరం. తీర్థాల్లో కబడ్డీ పోటీ పెడితే అమ్మోరి ఊరేగింపు కాసేపు ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు. అలాంటి ఆట టీవీలోకి, మ్యాటు మీదకి, ఏసీలోకి వెళ్లిపోతే మేము వెనకాలే వెళ్లకుండా ఎలా ఉంటాం?

మొదట్లో అంతా బాగానే ఉండేది. రాహుల్ చౌదరి కూతకెళ్తే మా టీ కొట్టులో గ్లాసులు కడగడం ఆగిపోయేది. 2015లో మూడో స్థానం, 2016లో సెమీఫైనల్. ఇంక వచ్చే ఏడాది కప్పే అనుకున్నాం. ఆ 'వచ్చే ఏడాది' అన్న మాట తర్వాత మా ఊరి ఓటర్ల జాబితాలో పేరు రాయించుకుని ఇక్కడే స్థిరపడిపోయింది.

మా అత్తకి మాత్రం మొదటి నుంచీ ఈ జట్టు మీద ఒక అనుమానం.

"ఈళ్లలో మనోడు ఎవుడ్రా?" అంది ఓ రోజు, బియ్యం ఏరుకుంటూ.

"అందరూ మనోళ్లే అత్తా. అదిగో, ఆ రాహుల్."

"ఏ ఊరు?"

"బిజ్నోర్. ఉత్తరప్రదేశ్."

తర్వాత సీజన్లలో కొల్హాపూర్ వైపు నుంచి సిద్ధార్థ్ దేశాయ్ వచ్చాడు, ఢిల్లీ నుంచి పవన్ సెహ్రావత్ వచ్చాడు, హరియాణా నుంచి విజయ్ మాలిక్ వచ్చాడు, ఇరాన్ నుంచి కూడా వచ్చారు. ప్రతిసారీ అత్త ఊరడిగేది, మేము చెప్పేవాళ్లం. చివరికి ఓ రోజు "మరి తెలుగెక్కడుందిరా?" అంది. "చొక్కా మీద రాసుంది కదత్తా" అన్నాడు మా బావ. అత్త చేట పక్కన పెట్టి కాసేపు టీవీ వైపు చూసి, "అయితే ఓడింది మనం కాదన్నమాట" అని తేల్చేసింది. ఈ ఓదార్పు విలువ మూడు సీజన్ల పాటు అడుగున పడున్న మాకే తెలుసు.

ఆ మూడు సీజన్ల గురించి టైటాన్స్ అభిమాని గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఎనిమిదో సీజన్‌లో 22 ఆటలాడి ఒక్కటి గెలిచారు. తొమ్మిదో సీజన్‌లో 22 ఆడి రెండు. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. మళ్లీ 22 ఆడి రెండే గెలిచారు. మా బావ దీన్ని భాగించి, ఒక్కో గెలుపుకి కోటీ ముప్పై లక్షలు పడిందని, ఆ లెక్కన చూస్తే మన జీడితోటల బేరాలే నయమని తేల్చాడు. మొత్తం మీద 66 ఆటలు, 5 గెలుపులు, మూడుసార్లూ పన్నెండింట పన్నెండో స్థానం. నిలకడ లేదని మాత్రం ఈ జట్టుని ఎవరూ అనలేరు.

అయినా మేము లెక్కలు ఆపలేదు. ఆపనివ్వని నిబంధన ఒకటి ఉండేది. అప్పట్లో గెలిస్తే ఐదు పాయింట్లు, టై అయితే మూడు, ఏడు లోపు తేడాతో ఓడితే ఒకటి. మర్యాదగా ఓడినందుకు పాయింటు! ఈ నిబంధన రాసినవాడెవడో టైటాన్స్ అభిమానే అయ్యుంటాడని మా నమ్మకం. తొమ్మిదో సీజన్‌లో మన జట్టు తెచ్చుకున్న 15 పాయింట్లలో ఐదు ఇలా పద్ధతిగా ఓడి తెచ్చుకున్నవే. అప్పట్లో ఆట చివరి నిమిషంలో తొమ్మిది పాయింట్లు వెనకబడి ఉంటే మేము "రెండు తేరా బాబూ, రెండు తే చాలు" అని అరిచేవాళ్లం. పక్కనుంచి వెళ్లేవాళ్లు మనం గెలవబోతున్నామనుకునేవారు. మేమూ సరిదిద్దేవాళ్లం కాదు.

టీ కొట్టులో మా సభకి అధ్యక్షులు రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర రెండు దృష్టాంతాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి స్వదేశీ. 2008లో మొదటి ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్ 14 ఆటల్లో రెండే గెలిచి అందరికంటే అడుగున నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో అదే జట్టు ఫైనల్లో బెంగళూరుని ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు పట్టుకొచ్చింది. రెండోది విదేశీ. 2016లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో లెస్టర్ సిటీ లీగ్ గెలుస్తుందని సీజన్ మొదట్లో పందెం కాసినవాళ్లకి ఒకటికి ఐదు వేలు ఇచ్చారు. "ఐదు వేలకి ఒకటి అంటే సున్నా కాదు కదా! సున్నాకీ, సున్నా కానిదానికీ మధ్య ఎంత దూరముందో తెలుసా? అనంతం!" అనేవారు మాస్టారు. అనంతం అనే మాట వినగానే మా బావ ఇంకో టీ చెప్పేవాడు.

ఇక్కడ మా బావ పుస్తకం గురించి చెప్పాలి. ఆయనది బెల్లం వ్యాపారం. పొడుగాటి ఎర్రట్ట ఖాతా పుస్తకం ఒకటి ఎప్పుడూ చంకలోనే ఉంటుంది. ముందు వైపు నుంచి తిరగేస్తే దిమ్మల లెక్క, అనకాపల్లి మార్కెట్ ధర, బండి కిరాయి. వెనక వైపు నుంచి తిరగేస్తే ప్రొ కబడ్డీ పాయింట్ల పట్టిక. పన్నెండు జట్ల పేర్లు పై నుంచి కిందకి, ఆడాల్సిన ఆటలు ఎడమ నుంచి కుడికి. ఆశలన్నీ పెన్సిల్‌తో రాస్తాడు, జరిగింది పెన్నుతో రాస్తాడు. సీజన్ మధ్యలో చూస్తే పేజీ నిండా పెన్సిలే. చివర్లో చూస్తే చెరిపి చెరిపి కాగితం పల్చబడి, అవతలి పేజీలోని బెల్లం ధర ఇవతలికి కనపడుతుంది. ఒకసారి పుణే పాయింట్లు, పాకం బెల్లం ధర కలిసిపోయి కమీషన్ కొట్టువాళ్లు ఫోన్ చేసి అడిగారు. ఆ ఏడాది పుణే బాగా ఆడుతోంది కాబట్టి లాభమే వచ్చింది.

ఆ పుస్తకానికి 2024 స్వర్ణయుగం. పదకొండో సీజన్ హైదరాబాద్‌లో మొదలైంది. తొలి ఆటలోనే మనవాళ్లు బెంగళూరుని ఓడించారు. తర్వాత గెలుస్తూ, ఓడుతూ, పవన్‌కి గాయమైతే విజయ్ మాలిక్ భారమంతా మోస్తూ లాక్కొచ్చారు. 22 ఆటలు పూర్తయ్యేసరికి 12 గెలుపులు, 66 పాయింట్లు. అంతకుముందు మూడేళ్లలో ఆడిన ఆటలెన్నో అన్ని పాయింట్లు! మాస్టారు దీన్ని శుభసూచకమన్నారు. అప్పట్లో మొదటి ఆరు జట్లకే ప్లేఆఫ్స్. ఐదు జట్లు సీట్లలో కూర్చున్నాయి. మిగిలిన ఒక్క సీటు దగ్గర మనమూ యు ముంబా నిలబడి ఉన్నాం. మన ఆటలు అయిపోయాయి. ముంబాకి ఒకటి మిగిలింది, ఎదురుగా బెంగాల్.

డిసెంబరు 24 సాయంత్రం మాకవరపాలెంలో మేమంతా బెంగాలీలమే. ముంబాకీ 66, మనకీ 66. బెంగాల్ ఊరికే గెలిస్తే చాలదు. ఏడు లోపు తేడా అయితే ముంబాకి ఆ పాడు ఒక్క పాయింటు వచ్చిపడుతుంది. మూడేళ్లు మనల్ని సాకిన నిబంధన ఆ రోజు మన పీకకే చుట్టుకుంది. కాబట్టి బెంగాల్ కనీసం ఎనిమిది తేడాతో కొట్టాలి, ఆ తర్వాత స్కోరు తేడాలూ చూడాలి. బెంగాల్ అప్పటికే ఔట్. గెలిచినా ఓడినా దానికి ఒరిగేదేమీ లేదు.

"వాళ్లకి ఒరిగేది లేదు కాబట్టే ఒత్తిడి లేకుండా ఆడతారు" అన్నారు మాస్టారు.

"ఒరిగేది లేకపోతే ఎందుకాడతారు మాస్టారూ?" అన్నాడు టీ కొట్టు కుర్రాడు.

వాడిని చక్కెర తెమ్మని పంపించేశాం.

ముంబా గెలిచింది. మనం ఏడో స్థానంలో ఆగిపోయాం. బావ పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, పెన్ను తీసి రాయాల్సింది రాసి, పుస్తకం ముందు వైపుకి తిప్పేశాడు. బెంగాల్‌ని మాత్రం కొట్టు మూసేదాకా తిట్టాం. మన జట్టు ఓడితే తిట్టడానికి మొహమాటం అడ్డొస్తుంది. పరాయి జట్టు మన కోసం గెలవకపోతే ఆ మొహమాటం ఉండదు.

2025లో లీగ్ వాళ్లు మా పొట్ట కొట్టారు. గెలిస్తే రెండు, ఓడితే సున్నా, టై అయితే అక్కడికక్కడే అదనపు కూతలతో తేల్చేయడం. మర్యాదగా ఓడినా పైసా రాలదు. మొదటి ఎనిమిది జట్లకి తలుపు తెరిచారు. బావ నెలరోజులు ముభావంగా ఉన్నాడు. పాతికేళ్లు నేర్చుకున్న పని యంత్రం వచ్చి లాక్కుంటే ఎలా ఉంటుంది మరి.

ఏడేళ్ల తర్వాత లీగ్ వైజాగ్ వచ్చింది. ఆగస్టు 29న మొదటి రోజు మొదటి ఆట మనదే, తమిళ్ తలైవాస్‌తో. బస్సెక్కి వెళ్లాం. ఎదుటి జట్టులో ఎవరున్నారు? పవన్ సెహ్రావత్! నిన్నటిదాకా ఆయన కోసం అరిచిన గొంతులు అలవాటు చొప్పున సగం దూరం లేచి మధ్యలో గుటక వేసుకున్నాయి. 38-35తో మనం ఓడాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ మొదటిసారి నవ్వాడు. "మూడంటే మూడే తేడా. పాత లెక్కయితే ఒక పాయింటు వచ్చీది" అన్నాడు. మర్నాడు ఇంకోటి ఓడాం. హమ్మయ్య, పరిస్థితులు చక్కబడ్డాయనుకున్నాం. పెన్సిల్ చెక్కుకున్నాం.

అప్పుడు జరిగింది అసలు ఘోరం. వీళ్లు గెలవడం మొదలెట్టారు. ఒకటి, రెండు, ఇంకొకటి. విజయ్ మాలిక్, భరత్ హుడా పోటీపడి పాయింట్లు తెస్తున్నారు. లీగ్ దశ ముగిసేసరికి టైటాన్స్ నాలుగో స్థానం! తొమ్మిదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్, అదీ ఎవరి దయా దాక్షిణ్యం లేకుండా. చివరి వారంలో టీ కొట్టు దగ్గర ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం. ఎవరు ఓడాలో తెలీదు. ఎవరినీ తిట్టాల్సిన పని లేదు. మాస్టారు పేపర్లో సంపాదకీయం చదివారు! బావ పుస్తకం వెనక వైపు ఖాళీగా ఉందని పాల లెక్క రాయడం మొదలెట్టాడు. అర్హత లేని ఆశకి అలవాటుపడినవాడికి అర్హత ఉన్న ఆశ ఇస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

ఆ లోటు మొంథా తుఫాను తీర్చింది. అక్టోబరు 28 రాత్రి తుఫాను తీరం దాటుతోంది. అదే రాత్రి పాట్నాతో మన ఎలిమినేటర్. ఊళ్లో కరెంటు లేదు. బయట ఈదురుగాలికి రేకులు టపటపలాడుతున్నాయి. బావ ఇంట్లో ఒక ఫోను, దాని చుట్టూ ఆరుగురం, ఒక కొవ్వొత్తి. సిగ్నల్ ఒక పుల్ల వస్తోంది, పోతోంది. మనవాడు కూతకెళ్లి గీత దాటగానే బొమ్మ ఆగిపోయేది. ముప్పై సెకన్ల కూత మాకు నాలుగు నిమిషాలు సాగేది. ప్రపంచంలో అంత ఊపిరి పట్టినవాడు ఇంకొకడు ఉండడు. బొమ్మ కదిలేసరికి వాడు బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతుండేవాడు. పాయింటు వచ్చిందా, ఔటయ్యాడా? మళ్లీ లెక్కలు! "ఇందాక మనవాళ్లు ఐదుగురు, ఇప్పుడు ఆరుగురు, అంటే ఒకడు లేచాడు, అంటే ఒక పాయింటు" అని మాస్టారు కొవ్వొత్తి వెలుగులో విప్పుకుంటూ పోతున్నారు. మేమంతా మళ్లీ మనుషులమయ్యాం.

"తుఫాను ఎక్కడుందో సూడరా అంటే, కూత ఎక్కడుందో సూత్తన్నావా?" అని అత్త లోపల్నుంచి కేకేసింది.

"కాకినాడ పక్కనంట" అన్నాడు బావ, స్క్రీన్ మీద నుంచి కన్ను తీయకుండా.

46-39. గెలిచాం. భరత్ హుడా ఒక్కడే 23 పాయింట్లు తెచ్చాడు. మర్నాడు పుణేని కొడితే ఫైనల్. పడిపోయిన అరటిచెట్లు తొలగించేవాళ్లు కూడా ఆ రోజు కబడ్డీయే మాట్లాడుకున్నారు. రాత్రి పుణే 50-45తో మనల్ని ఇంటికి పంపింది.

ఇంక అయిపోయింది కదా అనుకుంటారు. 31న ఢిల్లీకీ పుణేకీ ఫైనల్. సాయంత్రం టీ కొట్టుకి వెళ్లేసరికి సభ నిండుగా ఉంది. పుణే ఓడాలి! ఎందుకంటే మనల్ని ఓడించింది. బజ్జీలు ముందే చెప్పి ఉంచారు. ఢిల్లీ 31-28తో గెలవగానే కొట్టంతా ఈలలు. ఆ సంబరం చూస్తే కప్పు మాకవరపాలెం పంచాయతీకే వచ్చిందనుకోవాలి.

మాస్టారు బావ చేతిలోంచి పుస్తకం తీసుకుని పెన్సిల్‌తో ఏదో వేశారు. "మనల్ని పుణే ఐదుతో కొట్టింది. పుణేని ఢిల్లీ మూడుతో కొట్టింది. కాబట్టి మనం ఫైనల్ ఆడి ఉంటే..."

"ఉంటే?"

"ఎనిమిదితో ఓడేవాళ్లం."

బావ పుస్తకం లాక్కున్నాడు. "ఎనిమిదేటి మాస్టారూ? మరొక్కటి తగ్గించండి. ఏడైతే ఒక పాయింటొత్తాది."

"ఆ నిబంధన తీసేశారు కదయ్యా."

"ఆళ్లు తీసీసినారు. మనం తీసీలేదు" అని బావ రబ్బరు కోసం జేబులు తడుముకోవడం మొదలెట్టాడు.