నమూనా వీడ్కోలు ప్రసంగం

బెల్లంపల్లిలో సింగరేణి కార్మికుడికి 61 ఏళ్లు నిండితే శాలువా, దండ, ఫొటో దక్కుతాయి. పాపం, ఎమ్మెల్యేకే ఆ భాగ్యం లేదు. నియోజకవర్గం ఏర్పడి 2009లో తొలి ఎన్నిక జరిగిన నాటి నుంచి ఇక్కడ తనంతట తాను దిగిపోయిన ఎమ్మెల్యే లేరు. గుండా మల్లేశ్‌ను 2014లో, దుర్గం చిన్నయ్యను 2023లో ఓటర్లే సాగనంపారు. ముందుముందు ఎవరికైనా మర్యాదగా దిగిపోవాలని బుద్ధి పుడితే మాటలకు తడుముకోకూడదని, ఏ రంగు కండువాకైనా అతికేలా ఒక ప్రసంగం రాసిపెట్టాను. ఉచితం.

"సోదర సోదరీమణులారా! పదవిలో ఉన్నన్నాళ్లు రోడ్లు వేయించాను, డ్రైనేజీలు తవ్వించాను, హైమాస్ట్ లైట్లు పెట్టించాను. (చప్పట్ల కోసం ఆగాలి. రాకపోతే పక్కనున్న అనుచరుణ్ని చూడాలి.) పోతూ పోతూ మనసులో మాట చెబుతున్నా. పిల్లలు! (గొంతు పూడుకుపోవాలి. కండువా కొసతో కళ్లు ఒత్తుకోవాలి.) పిల్లలే మన నల్లబంగారం! వాళ్ల కోసం ఒక గొప్ప విధానం రావాలని నా ఆకాంక్ష..."

సరిగ్గా ఇక్కడే వెనక వరుసలోంచి ఎవరో ఒక రిటైర్డు కార్మికుడు లేస్తాడు. "సారూ, దిగిపోయేటప్పుడే యాదికొచ్చిండ్రా పోరగాండ్లు?" అంటాడు. దానికి జవాబు నా నమూనాలో లేదు. వక్తగారే చూసుకోవాలి.

ఎందుకంటే ఆ గొప్ప విధానం 1974లోనే వచ్చింది. పిల్లలు దేశానికి ఎంతో ముఖ్యమైన సంపద అని అందులో రాసుకున్నాం. 1992లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు ఒప్పుకున్నాం. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అది చాలదన్నట్టు 2013లో ఇంకో జాతీయ బాలల విధానం. ఇన్ని ఉండగా ఆకాంక్ష దేనికో నాకైతే అంతుపట్టదు.

పోనీ డబ్బుల్లేవా అంటే, అవీ ఉన్నాయి. గనుల ప్రభావం పడే ప్రాంతాల బాగు కోసం 2015 నుంచి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉంది. సింగరేణి 2023-24లో తవ్విన బొగ్గు 7 కోట్ల టన్నులు. పాత లీజులపై కట్టే రాయల్టీకి తోడు, ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం ఈ ఫౌండేషన్‌కు జమ కావాలి. వచ్చినదాంట్లో కనీసం 60 శాతం (2024 మార్గదర్శకాల నుంచి 70) తాగునీరు, వైద్యం, చదువు, మహిళా శిశు సంక్షేమం లాంటి పనులకే పోవాలి. బడిలో అదనపు గదులు, లేబొరేటరీ, లైబ్రరీ, మరుగుదొడ్లు, పిల్లల పోషకాహారం అన్నీ అందులోకి వస్తాయి. రోడ్లూ వంతెనలూ మిగతా వాటాలోంచి.

మరి ఆ డబ్బు దేనికి పెట్టాలో తేల్చే పాలకమండలిలో ఎవరుంటారు? 2021 నాటి కేంద్రం ఆదేశం ప్రకారం ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కూడా. అంటే మన వక్తగారు ఐదేళ్లూ కూర్చున్న కుర్చీలో అధికారం పెట్టుకుని, లేచి నిలబడ్డాక ఆకాంక్ష వెలిబుచ్చుతున్నారు. ఆకాంక్షకు టెండరు పిలవనక్కర్లేదు, ఆడిట్ ఉండదు. శిలాఫలకం కూడా వేయించుకోవచ్చు.

బొగ్గును లారీ ఎక్కించాక కాంటా మీద కిలోలతో సహా తూస్తారు. అంగన్‌వాడీలో పిల్లల్నీ తూస్తారు. లారీ బరువు తగ్గితే విచారణ. పిల్ల బరువు తగ్గితే రిజిస్టర్‌లో ఒక గీత. పిల్లకు ఓటు లేదు కదా! పద్దెనిమిది నిండి ఓటు వచ్చేసరికి ఆమెకు అంగన్‌వాడీ గుడ్డుతో పని ఉండదు, ఉద్యోగంతోనే పని. అప్పుడామె కోసం వేరే ప్రసంగం ఉంటుంది. దానికి నమూనా అవసరం లేదు, అందరికీ కంఠతా వచ్చు.

ఫౌండేషన్ వార్షిక నివేదిక శాసనసభ ముందుకు రావాలని, లెక్కలు వెబ్‌సైట్‌లో పెట్టాలని నిబంధన. బెల్లంపల్లి ఓటర్లారా, మీ ఎమ్మెల్యే దిగిపోయేదాకా ఆగకండి. రేపు రోడ్డు శంకుస్థాపనకు వచ్చినప్పుడే, బడి లైబ్రరీకి ఆ నిధిలోంచి ఎంత రాయించారో అడగండి.